తలుపుకి అటొకడు, ఇటొకడు: ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’, ఫార్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

షేక్స్‌పియర్ నాటకాలన్నిట్లోకీ చిన్నది ‘ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్’. చిన్నది కాబట్టి తేలికైనదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని కాలేజీలో ఉండగా అందులో ఒక వేషం వేశాను. ఆ ముచ్చట కింద తలుపు సీను దగ్గర వస్తుంది. ఫార్స్ గురించి పుస్తకాల్లో ఉండే నిర్వచనాలు పది చదివేకన్నా ఈ ఒక్క నాటకాన్ని దగ్గరగా చూస్తే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. అందుకే ప్రశ్నలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఫార్స్ అంటే ఏమిటి? కామెడీ అంటే సరిపోదా?

కామెడీ పెద్ద గొడుగు. దాని కింద ఫార్స్ ఒక రకం. మామూలు కామెడీలో ఎక్కువగా మనిషి స్వభావాన్ని చూసి నవ్వుతాం. పిసినారి పైసా కోసం పరువు పోగొట్టుకుంటాడు, గొప్పలకి పోయేవాడు బోర్లా పడతాడు. ఫార్స్‌లో మనిషి ఎలాంటివాడన్నది అంత ముఖ్యం కాదు. ఎంత మంచివాడైనా సరే, ఒక చిక్కులో ఇరుక్కున్నాడు. బయటపడదామని వాడు చేసే ప్రతి పనీ ఇంకో ముడి వేస్తుంది. మన నవ్వు ఆ ముడి మీద.

ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ ఈ నాటకం గురించే ఒక మంచి మాట అన్నాడు. ఫార్స్‌లో కథ నమ్మదగ్గదిగా ఉండక్కర్లేదు, జరగడానికి వీలున్నదైతే చాలు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే అన్నదమ్ముల జంట ఒకటి ఉందంటేనే కామెడీ మొహమాటపడుతుంది, ఫార్స్ మాత్రం ధైర్యంగా రెండో జంటని కూడా తెచ్చి నిలబెడుతుందని ఆయన భావం. అంటే మొదట్లో ఒక్క అబద్ధం ఆడటానికి ఫార్స్‌కి లైసెన్సు ఉంది. ఆ తర్వాత మాత్రం లెక్కలో పైసా తేడా రాకూడదు.

మాట పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. లాటిన్‌లో ‘కూరడం’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మధ్యయుగాల ఫ్రాన్స్‌లో గంభీరమైన మతనాటకాల మధ్య చిన్న చిన్న హాస్య ఘట్టాలు దూర్చేవాళ్ళు, గుత్తివంకాయలో కారం కూరినట్టు. కాయకన్నా కారమే రుచిగా ఉందనిపించి, తర్వాత దాన్నే వేరే వంటకంగా వడ్డించారు.

మన ప్రహసనమూ ఫార్సూ ఒకటేనా?

దగ్గర చుట్టాలు, కానీ ఒకటి కాదు. నాట్యశాస్త్రం చెప్పే దశరూపకాల్లో ప్రహసనం ఒకటి. అందులో శుద్ధం, సంకీర్ణం అని రెండు రకాలు. ఏడో శతాబ్దంలో కంచిని ఏలిన పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ రాసిన ‘మత్తవిలాస ప్రహసనం’లో తాగి ఉన్న కాపాలికుడి కపాలం పోతుంది. ఎత్తుకుపోయింది కుక్క, నింద పడింది బౌద్ధ భిక్షువు మీద. ఇక్కడిదాకా అచ్చం ఫార్సే. అయితే ప్రహసనం కన్నంతా కాపాలికుడి వేషం మీద, భిక్షువు నిగ్రహం మీద ఉంటుంది. ఎవరినో ఒకరిని ఎత్తిపొడవడం దాని పని. కందుకూరి వీరేశలింగం గారి ప్రహసనాలు కూడా ఊళ్ళోని దురాచారాలని పట్టుకుని వాయించినవే. ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఎవరినీ బాగుచెయ్యాలని చూడదు.

ఒక్క ‘భగవదజ్జుకం’ మాత్రం ఫార్స్‌కి బాగా దగ్గరగా వస్తుంది. యమదూత పేరు పొరబడి ఒక గణిక ప్రాణం పట్టుకుపోతాడు. ఒక యోగి తన శిష్యుడికి యోగమహిమ చూపిద్దామని తన ప్రాణాన్ని ఆ శరీరంలోకి పంపిస్తాడు. దూత తప్పు తెలుసుకుని తిరిగొచ్చి చూస్తే ఆ ఇల్లు ఖాళీగా లేదు! చేసేది లేక గణిక ప్రాణాన్ని యోగి శరీరంలో పెట్టేసి పోతాడు. ఇక చూడండి, గణిక వేదాంతం చెప్తుంటుంది, సన్యాసి వయ్యారాలు పోతుంటాడు. ఒకరనుకుంటే ఇంకొకరు కావడం ఎంత పాత సరుకో దీన్ని బట్టే తెలుస్తుంది.

కథ ఏమిటి? తల తిరక్కుండా చెప్పగలరా?

ప్రయత్నిస్తాను. సిరాక్యూస్, ఎఫెసస్ అని రెండు ఊళ్ళు. వర్తకం గొడవల్లో బద్ధశత్రువులయ్యాయి. ఈ ఊరివాడు ఆ ఊళ్ళో కనపడితే వెయ్యి మార్కులు కట్టాలి, లేదా తల ఇవ్వాలి. (పరీక్ష మార్కులు కావు, డబ్బు లెక్క.) సిరాక్యూస్ నుంచి వచ్చిన ముసలి వర్తకుడు ఈజియన్ ఎఫెసస్‌లో దొరికిపోతాడు. అతని దగ్గరున్న సరుకంతా కలిపినా వంద మార్కులు చెయ్యదు.

అతనికి చాలా ఏళ్ళ కిందట కవలపిల్లలు పుట్టారు. అదే సత్రంలో, అదే గంటలో ఒక పేదరాలికి కూడా కవలలే పుడితే, తన పిల్లలకి పనివాళ్ళుగా ఉంటారని ఆ ఇద్దరినీ కొన్నాడు. ఓడ మునిగి కుటుంబం రెండు ముక్కలైంది. ఒక కొడుకు, ఒక పనివాడు తండ్రితో సిరాక్యూస్‌లో పెరిగారు. రెండో జంట ఎఫెసస్‌లో తేలింది. కొడుకులిద్దరి పేరూ ఆంటిఫొలస్. పనివాళ్ళిద్దరి పేరూ డ్రోమియో. పద్దెనిమిదేళ్ళు నిండాక సిరాక్యూస్ కొడుకు తోడబుట్టినవాణ్ణి వెతుక్కుంటూ డ్రోమియోని వెంటేసుకుని బయల్దేరాడు. అతన్ని వెతుక్కుంటూ తండ్రి బయల్దేరాడు.

ఇప్పుడు అందరూ ఒకే రోజు ఒకే ఊళ్ళో ఉన్నారు. ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఎఫెసస్ ఆంటిఫొలస్‌కి ఎడ్రియానా అనే భార్య ఉంది, ఆమెకి లూసియానా అనే చెల్లెలుంది. ఇక మిగతాదంతా మీరు ఊహించుకోవచ్చు. ఊహించుకున్నదానికన్నా కొంచెం ఎక్కువే జరుగుతుంది.

రెండు ఆంటిఫొలస్‌లు, రెండు డ్రోమియోలు. ఎవరు ఎవరో ఎలా గుర్తుపెట్టుకోవాలి?

చదివేటప్పుడు ఇబ్బందే. పక్కన కాగితం పెట్టుకుని ‘సి’, ‘ఎ’ అని రాసుకోండి, సిగ్గుపడక్కర్లేదు. చూసేటప్పుడు మాత్రం అంత ఇబ్బంది ఉండదు, రచయిత మన సంగతి ముందే ఆలోచించాడు. ఊరికి కొత్తగా వచ్చిన ఆంటిఫొలస్‌ని మొదటి రెండు అంకాల్లో మనకి బాగా అలవాటు చేస్తాడు. ఎఫెసస్ ఆంటిఫొలస్ మూడో అంకం దాకా వేదిక మీదికే రాడు. ఆయన వచ్చేసరికి, “ఓహో, అసలు ఇంటాయన ఈయనన్నమాట” అని మనకి తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక సూత్రం ఉంది. ఫార్స్‌లో ప్రేక్షకుడు తికమకపడకూడదు, పాత్రలు పడాలి. మనకి అంతా తెలిసుండాలి. రహస్యం దాచిపెట్టి చివర్లో బయటపెట్టేది డిటెక్టివ్ కథ. ఫార్స్‌లో గుట్టంతా మొదటి పది నిమిషాల్లోనే మన చేతిలో పెట్టేస్తారు.

తోడబుట్టినవాణ్ణి వెతుక్కుంటూనే వచ్చాడు కదా! తెలియని ఊళ్ళో అందరూ పేరుపెట్టి పిలుస్తుంటే ఆ మాత్రం తట్టదా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న కూడా. పైగా ఇంకో ఘోరం ఉంది. ఆ ఊళ్ళో దిగగానే ఒక వర్తకుడు అతనితో, “ఇవాళే సిరాక్యూస్ వాడొకడు దొరికిపోయాడు, పొద్దుగూకేలోగా చంపేస్తారు, నువ్వు మాత్రం వేరే ఊరని చెప్పుకో” అని హెచ్చరిస్తాడు. ఎవరా మనిషి అని కొడుకు ఒక్క మాట అడగడు. అప్పుడతని దగ్గర ఉన్న డబ్బెంతో తెలుసా? సరిగ్గా వెయ్యి మార్కులు! తండ్రి ప్రాణం ఖరీదు సంచిలో పెట్టుకుని, దాన్ని సత్రంలో భద్రపరచమని డ్రోమియోకి ఇచ్చి ఊరు చూడ్డానికి పోతాడు. మొదటిసారి చదివినప్పుడు ఈ లెక్క నా కళ్ళకి ఆనలేదు. రెండోసారి చదివినప్పుడు ఒక్క క్షణం ఆగిపోయాను.

మరి ఎందుకు తట్టదు? కోల్‌రిడ్జ్ చెప్పిన లైసెన్సు ఒక జవాబు. నాకు అంతకన్నా నచ్చిన జవాబు ఇంకొకటుంది. జరుగుతున్నదానికి ప్రతివాళ్ళ దగ్గరా అప్పటికే ఒక కారణం సిద్ధంగా ఉంది. ఎఫెసస్ మాయలకి, మంత్రగాళ్ళకి పేరుమోసిన ఊరు. కొత్తగా వచ్చినవాడు భయపడుతూనే అడుగుపెట్టాడు. కాబట్టి ముక్కూమొహం తెలియని ఆడమనిషి వచ్చి “ఏమండీ, భోజనానికి రారా” అంటే అతనికి తోచింది ఒక్కటే, ఇది చేతబడి. ఎడ్రియానాకి మొగుడి మీద ముందునుంచీ అనుమానం. ఆయన తనని ఎరగనట్టు మాట్లాడితే ఆమెకి తోచింది, ఎవత్తో ఉంది. కంసాలి ఏంజెలోకి తోచింది, వీడు డబ్బు ఎగ్గొట్టే రకం. భూతవైద్యుడు పించ్‌కి ఏం తోచిందో చెప్పక్కర్లేదు.

నాటకం మొత్తంలో ఒకరినొకరు మోసం చేద్దామని పన్నాగం పన్నినవాళ్ళు లేరు. దాదాపు అందరూ తమకి తెలిసిన నిజమే చెప్తున్నారు. ఎవరి మనసులో ఉన్న భయం వాళ్ళకి జవాబుగా కనిపిస్తోంది. చేతిలో జవాబు ఉన్నవాడు ఇంకో జవాబు కోసం వెతకడు. ఇంట్లో ఫోన్ ఎత్తకపోతే అమ్మకి ఒకటి తోస్తుంది, పెళ్ళానికి ఒకటి తోస్తుంది, అప్పిచ్చినవాడికి ఒకటి తోస్తుంది. ఛార్జింగ్ అయిపోయిందేమో అని ముగ్గురిలో ఎవరికీ తోచదు.

గొలుసు గొడవ అర్థం కాలేదు.

ఫార్స్‌లో ఒక వస్తువు చేతులు మారడం చూస్తే ఎప్పుడూ దాని వెనకే పోండి, దారి దొరుకుతుంది. ఇక్కడ ఆ వస్తువు బంగారు గొలుసు. ఎఫెసస్ ఆంటిఫొలస్ భార్య కోసం ఏంజెలో దగ్గర చేయించాడు. ఇంటికొస్తే తలుపు తియ్యలేదు. ఒళ్ళుమండి, ఆ గొలుసు ఇంకో ఆవిడకి, అంటే ఊళ్ళో వేశ్యకి ఇచ్చేస్తానని, అక్కడికి తెచ్చిపెట్టమని కంసాలితో చెప్పాడు. కంసాలికి దారిలో ఎదురుపడింది సిరాక్యూస్ ఆంటిఫొలస్. “ఇదిగోండి మీ గొలుసు” అని మెళ్ళో వేసినంత పనిచేశాడు. “డబ్బు తీసుకో” అని అతను పాపం అన్నాడు కూడా. “ఫర్వాలేదండీ, సాయంత్రం తీసుకుంటాను” అని కంసాలి మర్యాదకి పోయాడు. ఆ ఒక్క మర్యాద లేకపోతే నాటకం సగంలో ఆగిపోయేది.

ఈ లోపల కంసాలికి అప్పిచ్చిన వర్తకుడు పర్షియా వెళ్ళాలి, డబ్బు ఇప్పుడే కావాలన్నాడు. కంసాలి వెళ్ళి ఎఫెసస్ ఆంటిఫొలస్‌ని అడిగాడు. “గొలుసేది?” అన్నాడాయన. “ఇచ్చాను కదండీ!” అన్నాడితను. ఇద్దరిదీ నిజమే, ఇద్దరికీ కోపమే. బంట్రోతుని పిలిచి అరెస్టు చేయించారు. ఆ పక్క వీధిలో వేశ్య వచ్చి సిరాక్యూస్ వాడి మెళ్ళో గొలుసు చూసింది. మధ్యాహ్నం ఎఫెసస్ ఆంటిఫొలస్ తన దగ్గర ఉంగరం పుచ్చుకుని బదులుగా గొలుసిస్తానన్నాడు. “గొలుసివ్వు, లేదా నా ఉంగరం ఇవ్వు” అంది. అతను ఆమెని దయ్యమనుకుని దణ్ణాలు పెట్టి పారిపోయాడు. ఆమె ఆలోచించింది. నలభై డకట్ల ఉంగరం, ఊరికే పోగొట్టుకుంటానా? ఈ మనిషికి పిచ్చెక్కిందని వెళ్ళి పెళ్ళాంతో చెప్తాను. ఎడ్రియానా భూతవైద్యుణ్ణి తెచ్చింది. ఆ వైద్యుడు కట్టి పడేసింది ఎవరిని? పిచ్చిలేని, గొలుసూలేని అసలు మొగుణ్ణి.

ఇందులో ఏ అడుగులోనూ ఎవరూ అతిగా ప్రవర్తించలేదు. అలాంటప్పుడు మీరున్నా నేనున్నా అలాగే చేస్తాం. నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ గొలుసు నడకే.

తలుపు సీనుకి ఎందుకంత పేరు?

మూడో అంకం మొదటి రంగం. ఇంటాయన ఇద్దరు పెద్దమనుషుల్ని భోజనానికి పిలుచుకొచ్చాడు. తలుపు గడియ వేసి ఉంది. లోపల ఆయన కుర్చీలో ఆయన తమ్ముడో అన్నో కూచుని భోంచేస్తున్నాడు. గుమ్మం దగ్గర కాపలా ఉన్నది సిరాక్యూస్ డ్రోమియో. బయట తలుపు బాదుతున్నది ఎఫెసస్ డ్రోమియో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా తలుపుకి అటూ ఇటూ నిలబడి తిట్టుకుంటారు. “నువ్వెవడివిరా?” అంటే “నేను డ్రోమియోని” అని లోపలినుంచి జవాబు. “ఓరి దొంగా, నా ఉద్యోగంతో పాటు పేరు కూడా కొట్టేశావా!” అని బయటివాడు గోల. కోపమొచ్చిన యజమాని గునపం తెచ్చి తలుపు పగలగొడతానంటాడు. పిలిచిన అతిథుల్లో ఒకడైన బాల్తజార్ వద్దని వారిస్తాడు: పట్టపగలు సొంత ఇంటి తలుపు పగలగొడితే ఊరు నీ పెళ్ళాం గురించి ఏమనుకుంటుంది? నిజమేనని ఆయన వెనక్కి తగ్గుతాడు. పరువు కోసం తగ్గాడు కాబట్టి చిక్కు ఇంకా బిగిసింది.

మేం కాలేజీలో వేసింది ఈ ఒక్క రంగమే, తెలుగులోకి మార్చుకుని. నాది బయటి డ్రోమియో. తలుపు ఏమిటంటే, ఒక చెక్క ఫ్రేముకి కొట్టిన ప్లైవుడ్, దానికో చిన్న గడియ. రిహార్సల్లో మాకు నవ్వాగేది కాదు. మాకు నేర్పించిన మాస్టారు ఒకటే అనేవారు: “ఒరే, నవ్వడానికి డబ్బులిచ్చి వాళ్ళొస్తున్నారు. నీకు ఆకలేస్తోంది, వెనకాల అయ్యగారు తన్నేలా ఉన్నారు. నీకేం నవ్వురా?” సరే, నాటకం రోజు వచ్చింది. నేను దబదబా బాదాను. లోపలివాడు డైలాగ్ మరిచిపోయాడు. ఇంకోసారి బాదాను, కొంచెం గట్టిగా. గడియ ఊడింది. తలుపు మెల్లగా, కిర్రుమంటూ, దానంతటదే తెరుచుకుంది.

ఎదురుగా రెండో డ్రోమియో, చేతిలో ప్రాంప్టింగ్ కాగితంతో. మా అయ్యగారి వేషంలో ఉన్న కుర్రాడు ఏం చెయ్యాలో తెలియక, బార్లా తెరిచిన తలుపు ముందు నిలబడి “తలుపు తియ్యండే!” అని తన డైలాగ్ తను చెప్పేశాడు. హాలు కప్పు ఎగిరిపోయింది. అంత నవ్వు మళ్ళీ ఎప్పుడూ వినలేదు. కానీ ఒక్క నిమిషమే. ఆ తర్వాత మిగిలిన పది నిమిషాలు మేం ఎంత గింజుకున్నా ఒక్కరు నవ్వలేదు. తలుపు తెరుచుకున్నాక ఇక బయట నిలబడి అరవడానికి కారణమేముంది? గడియతో పాటు సీను కూడా ఊడిపోయింది.

నవ్వుల నాటకం మరణశిక్షతో ఎందుకు మొదలవుతుంది?

మొదటి రంగంలో ఒక్క జోకు ఉండదు. ముసలాయన ఓడ మునిగిన కథంతా పొడుగ్గా చెప్పుకుంటాడు. ఎఫెసస్ ప్రభువు జాలిపడతాడు గానీ చట్టం దాటలేడు, సాయంత్రం దాకా గడువిస్తాడు. ఆ రంగం విసుగని కత్తిరించేవాళ్ళున్నారు. నా లెక్కన అది పెద్ద తప్పు. గడియారానికి కీ ఇచ్చేది అక్కడే.

తర్వాత డ్రోమియో పరుగెత్తుకొచ్చి పన్నెండు కొట్టిందంటాడు, భోజనం చల్లారిపోతోందంటాడు. కాసేపటికి ఎడ్రియానా రెండైందంటుంది. ఐదింటికి కలుద్దామని వర్తకుడు, ఐదింటికి డబ్బిస్తానని కంసాలి. చివరి అంకంలో ఎవరో నీడగడియారం చూసి ఐదైందంటారు. అక్కడ ఒక మఠం ఉంది, దాని వెనకే వధ్యస్థలం, ప్రభువు ఖైదీని అటే తీసుకొస్తున్నాడు. పొరపాట్లన్నీ వీధిలో పరుగులు పెడుతూ సరిగ్గా ఆ చోటికే, ఆ వేళకే చేరుకుంటాయి. షేక్స్‌పియర్ నాటకాల్లో కథ మొత్తం ఒకే రోజులో, ఒకేచోట ముగిసేవి ఇదీ ‘ది టెంపెస్ట్’, రెండే.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటాం. ఫార్స్‌లో పిల్లి మనమే. ఎలుకలకి నిజంగా ప్రాణసంకటం లేకపోతే చెలగాటం రక్తికట్టదు.

కథ షేక్స్‌పియర్ సొంతమా?

కాదు. రోమన్ నాటకకర్త ప్లౌటస్ రాసిన ‘మెనెక్మి’ నుంచి కవల అన్నదమ్ముల కథ తీసుకున్నాడు. అందులో పనివాడు ఒక్కడే. సొంత ఇంట్లోకి యజమానిని రానివ్వని ఘట్టం ప్లౌటస్‌దే ఇంకో నాటకం ‘ఆంఫిట్రియో’ది. రెండూ కలిపి, పనివాళ్ళని కూడా కవలల్ని చేశాడు. మాయలూ మంత్రాల ఊరు కావాలి కాబట్టి కథని ఎఫెసస్‌కి మార్చాడు. బైబిల్ చదివిన అప్పటి ప్రేక్షకులకి ఆ పేరు వినగానే మంత్రగాళ్ళు గుర్తుకొస్తారు.

మొదట ఎప్పుడు ఆడారు?

రాతలో దొరుకుతున్న మొదటి ప్రదర్శన 1594 డిసెంబర్ 28 రాత్రి, లండన్‌లో న్యాయవాదుల విద్యాలయం గ్రేస్ ఇన్‌లో. జనం ఎగబడి ఎంత గందరగోళం అయిందంటే పిలిచిన అతిథులే అలిగి వెళ్ళిపోయారు. ఆ రాత్రికి ‘పొరపాట్ల రాత్రి’ అని పేరు పడిపోయింది. అచ్చయింది మాత్రం 1623లో, షేక్స్‌పియర్ పోయాక వచ్చిన ఆయన నాటకాల తొలి సంపుటంలో.

తెలుగులో వచ్చిందా?

వచ్చింది, చాలా ముందే వచ్చింది. వీరేశలింగం గారు దీన్ని ‘చమత్కార రత్నావళి’ పేరుతో తెలుగు చేశారు. 1880లో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత ఆడించారు. అంటే తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన అప్పుడే కళ్ళు తెరుస్తున్న రోజుల్లో వేదికెక్కింది ఒక ఫార్సు! వితంతు వివాహాల పంతులుగారంటే గంభీరమైన బొమ్మే మనకి గుర్తుంటుంది గానీ, కుర్రాళ్ళకి ఎంట్రీలు నేర్పిస్తున్న పంతులుగారిని తల్చుకుంటే నాకు భలే ముచ్చటేస్తుంది. తర్వాత షెరిడాన్ హాస్యనాటకాలని కూడా ఆయన తెలుగులోకి తెచ్చారు.

బెంగాలీలో అంతకన్నా ముందే, 1869లో, ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ‘భ్రాంతివిలాస్’ పేరుతో కథగా రాశారు. సంఘసంస్కర్తలిద్దరూ ఈ నాటకాన్నే ఎందుకు పట్టుకున్నారో ఎవరైనా తీరిగ్గా ఆలోచించాల్సిన విషయం.

సినిమాలు?

విద్యాసాగర్ రచన ఆధారంగా 1963లో ఉత్తమ్ కుమార్‌తో బెంగాలీ సినిమా వచ్చింది. హిందీలో గుల్జార్ తీసిన ‘అంగూర్’ (1982) మాత్రం తప్పకుండా చూడండి. సంజీవ్ కుమార్, దేవెన్ వర్మ ఇద్దరూ రెండేసి వేషాలు వేశారు. అందులో ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి డిటెక్టివ్ నవలల పిచ్చి. అందుకని తెలియనివాళ్ళు పేరుపెట్టి పలకరిస్తే అతనికి చేతబడి తోచదు, తన డబ్బు కోసం ఒక ముఠా వల పన్నిందని తోస్తుంది. ఎఫెసస్ మంత్రగాళ్ళ స్థానంలో ముఠాని పెట్టడం చూశారా? కాలం మారితే భయాన్ని మార్చాలని గుల్జార్‌కి తెలుసు.

మన తెలుగు సినిమాల్లో డబుల్ యాక్షన్‌కి కొదవ లేదు గానీ, ఎక్కువ వాటిలో అన్నదమ్ములు ఒకరి సంగతి ఒకరికి తెలిశాక కావాలనే వేషాలు మార్చుకుంటారు. అది నాటకమాడటం. తెలియక ఇరుక్కోవడం వేరు, దాని రుచి వేరు.

డ్రోమియోలని అస్తమానం కొడుతుంటారు. దానికి నవ్వాలా?

నాకూ పూర్తిగా నవ్వు రాదు. ఒకప్పుడు వచ్చేది. రిహార్సల్లో తన్నులు తినే వేషం నాదే కాబట్టి కొంత మారాను. తప్పు చెయ్యనివాడికి దెబ్బలు పడటం ఫార్స్‌కి పాత అలవాటు. వెయ్యి మార్కులేవిరా అని అయ్యగారు అడిగితే, “మార్కులంటే మీరు నా నెత్తి మీద వేసినవి కొన్ని ఉన్నాయి, అమ్మగారు వీపు మీద వేసినవి కొన్ని ఉన్నాయి” అంటాడు ఎఫెసస్ డ్రోమియో. తెలుగులో కూడా ఆ శ్లేష అలాగే నిలబడింది చూడండి. కానీ నాలుగో అంకంలో వాడే ఇంకో మాటంటాడు: పుట్టినప్పట్నుంచీ ఈయనకి సేవ చేస్తున్నాను, దక్కింది దెబ్బలే. చలేస్తే కొట్టి వేడెక్కిస్తాడు, ఉక్కపోస్తే కొట్టి చల్లబరుస్తాడు. అక్కడ నవ్వుతూనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. కొనుక్కొచ్చిన పిల్లలన్న సంగతి మొదటి రంగంలోనే ఈజియన్ చెప్పాడు కదా, అది మర్చిపోకూడదు.

వంటమనిషి లావుని భూగోళంతో పోలుస్తూ దేశాలన్నీ ఆమె ఒంటి మీద వెతికే సీను నాకు అంతకన్నా ఇబ్బంది. అప్పట్లో హాలు దద్దరిల్లి ఉంటుంది. ఇప్పుడు వేసేవాళ్ళు కుదించుకుంటే షేక్స్‌పియర్‌కి వచ్చిన నష్టమేమీ లేదు.

నాటకంలోనే పొరపాట్లున్నాయంటారు, నిజమేనా?

ఉన్నాయి. కొడుకు పద్దెనిమిదేళ్ళకి బయల్దేరాడు, విడిపోయి ఏడేళ్ళైందని తండ్రి చివర్లో అంటాడు. అంటే ఇరవై ఐదు. మఠాధిపతి ఎమిలియా (ఓడ మునిగినప్పుడు తప్పిపోయిన తల్లి ఈవిడే) మాత్రం ముప్ఫై మూడేళ్ళంటుంది. ఓడ మునిగినప్పుడు తల్లి చిన్నవాణ్ణి పట్టుకుందని ఒకచోట ఉంటుంది, చిన్నవాడు తండ్రి దగ్గరే పెరిగాడని కాస్త కిందే ఉంటుంది. అందుకే పైన “తమ్ముడో అన్నో” అని రాశాను. గొలుసు లెక్క అంత కచ్చితంగా రాసినవాడు పిల్లల వయసు దగ్గర తప్పులో కాలేశాడు. హాల్లో కూచున్నవాడు వేళ్ళు లెక్కపెట్టుకోడని ధీమా కాబోలు.

ఒకే నటుడు ఇద్దరు కవలలుగా వేయొచ్చా?

వేశారు, వేస్తున్నారు. నాకు నచ్చదు. చివరి రంగంలో ఇద్దరూ ఎదురుబదురు నిలబడాలి, అప్పుడు డూప్‌ని పెట్టి వీపు చూపించాలి. మన కళ్ళు కథ వదిలేసి ఆ ట్రిక్కు మీదికి పోతాయి. ఇద్దరు వేరే మనుషులకి ఒకే బట్టలు, ఒకే టోపీ ఇస్తే చాలు. పోలికలు కలవక్కర్లేదు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి అయినా ఫర్వాలేదు, ఇంకా బాగుంటుంది. పెళ్ళానికి తేడా తెలియడం లేదంటే మనం మరికాస్త నవ్వుతాం.

చివర్లో అందరూ వెళ్ళిపోయాక డ్రోమియోలు ఇద్దరే ఎందుకు మిగులుతారు?

అయ్యగార్ల కుటుంబం కలిసింది. తండ్రి బతికాడు, తల్లి దొరికింది, ఎడ్రియానాకి మొగుడెవరో తేలింది. పనివాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. అందరూ విందుకి లోపలికి పోయాక గుమ్మం దగ్గర ఇద్దరూ ఆగుతారు. “నువ్వే పెద్దవాడివి, ముందు నువ్వు నడువు” అంటాడొకడు. పెద్దెవరో తేల్చుకోవడానికి చీటీలు వేద్దామా అనుకుంటారు. తర్వాత అదీ వద్దనుకుని చేతులు పట్టుకుని పక్కపక్కనే లోపలికి వెళ్తారు. రోజంతా మూసి ఉన్న గుమ్మాల దగ్గర తన్నులు తిన్నవాళ్ళు ఆ రోజు దాటే చివరి గుమ్మం అది.

మా కాలనీలో వేద్దామనుకుంటున్నాం. ఏదైనా సలహా?

మొత్తం నాటకం వద్దు, మూడో అంకం మొదటి రంగం పట్టుకోండి. అరగంటలో అయిపోతుంది. డైలాగ్ స్పీడుగా రావాలి, ఒకడి మాట అయ్యీ అవకముందే రెండోవాడు అందుకోవాలి. నటులకి నవ్వొస్తే ఇంకో వారం రిహార్సల్ చెయ్యండి, తగ్గుతుంది. భూతవైద్యుడి వేషానికి స్థానికంగా ఎవరినీ అనుకరించకండి, గొడవలొస్తాయి. బడ్జెట్ ఎంత తక్కువైనా ఒక్కదాని దగ్గర కక్కుర్తి పడకండి. వడ్రంగిని పిలిచి తలుపు గట్టిగా చేయించండి. లోపలివైపు ఇనప గడియ, స్క్రూలు బిగించింది, మేకులు కొట్టింది కాదు.